సీజన్ మొదట్లో పట్టిన బీవర్ తోళ్లను ఏం చేయాలి?

మీరు అడిగింది ఇదీ: అమెరికాలో, ఉత్తర మిన్నెసోటాలోని బెమిడ్జి దగ్గర కొన్న స్థలంలో బీవర్లు (వాగులకి కట్టలు కట్టుకుని నీళ్లలో బతికే పెద్ద ఎలుకజాతి జంతువులు) కల్వర్ట్ మూసేసి దారి మీదికి నీళ్లు తెచ్చాయి. ట్రాపింగ్ లైసెన్స్ తీసుకుని, అక్టోబర్ ఆఖర్లో సీజన్ మొదలవగానే ఐదింటిని పట్టారు, రెండు పెద్దవి, ఒకటి మధ్యరకం, రెండు ఈ ఏటి పిల్లలు. ఫర్, అంటే బొచ్చుతోళ్లు, కొనే ఆయనకి ఫోన్ చేస్తే "ఇప్పటివి పెద్దగా పలకవు" అన్నాడు. వీటిని పారెయ్యాలా, ఫ్రీజర్‌లో దాచి ఫిబ్రవరిలో అమ్మితే మంచి రేటు వస్తుందా, లేక టానింగ్ (తోలు పదును) చేయించుకోవాలా?

ముందు జవాబు చెప్పేస్తాను. పారెయ్యొద్దు. కానీ రేటు పెరుగుతుందని ఫ్రీజర్‌లో పెట్టుకుని కూర్చోవడం కూడా దండగ. బొచ్చు జంతువు ఒంటి మీద ఉన్నంతకాలమే పెరుగుతుంది. ఫిబ్రవరిలో బయటికి తీసినా అది అక్టోబర్ తోలే, చూసేవాడికి ఒక్క చూపులో తెలిసిపోతుంది. పెద్దవాటిలో బొచ్చు కాస్త మెరుగ్గా ఉన్నది ఒకటి మీకోసం టానింగ్‌కి ఉంచుకోండి. మిగతావి శుభ్రంగా గీకి, పలకకి కొట్టి ఆరబెట్టి, టోపీల ఉన్ని కోసం కొనేవాళ్ల లాట్‌లో వెయ్యండి. కాస్టర్ గ్రంథులు (మలద్వారం దగ్గరుండే వాసన సంచులు) మాత్రం చాలా జాగ్రత్తగా తీసి ఆరబెట్టండి, ఎందుకంటే ఈ ఐదు బీవర్లలో మీకు నిజంగా డబ్బు తెచ్చేది బహుశా అవే. మాంసం కూరకో, ఎరకో పనికొస్తుంది. ఇంకా మీ చెరువులో బీవర్లు మిగిలి ఉంటే జనవరి దాకా వాటి జోలికి వెళ్లకండి.

ఇక ఎందుకో చెప్తాను. నేను ఉత్తర మిన్నెసోటాలోనే ఉంటున్నాను. ఫిన్నిష్ మూలాలున్న ఒక పెద్దాయన దగ్గర ఈ పని నేర్చుకుని ఏటా చలికాలమంతా బీవర్ పడుతున్నాను, మంచు పడకముందు రోడ్ల మీదికి నీళ్లొచ్చే చోట్ల ఎవరైనా పిలిస్తే అక్కడికీ వెళ్తాను, కాబట్టి అక్టోబర్ తోళ్లు నా షెడ్డులో ప్రతి ఏడాదీ ఉంటాయి.

బీవర్ ఒంటి మీద రెండు రకాల బొచ్చు ఉంటుంది. పైన పొడుగ్గా, బిరుసుగా, మెరుస్తూ ఉండేవి కాపు వెంట్రుకలు. వాటి కింద దట్టంగా, దూది మాదిరి మెత్తగా ఉండేది లోబొచ్చు. నీళ్లు చర్మందాకా చేరకుండా ఆపేది ఈ లోబొచ్చే, తోలుకి ధర పలికేదీ దీనివల్లే. పొద్దు తగ్గేకొద్దీ జంతువు ఒంట్లో కొత్త బొచ్చు మొలవడం మొదలవుతుంది, కానీ ఆ పని అన్ని జంతువుల్లో ఒకే వేళకి పూర్తికాదు. మార్టెన్, ఫిషర్, కొయోటీ, నక్క లాంటి నేలమీది జంతువులు నవంబర్ చివర, డిసెంబర్ కల్లా నిండుగా తయారైపోతాయి. బీవర్, మస్క్‌రాట్ బాగా ఆలస్యం, వాటి బొచ్చు పూర్తిగా నిండేది జనవరి దాటాక, ఫిబ్రవరి, మార్చిలో. ఇక్కడ మిన్నెసోటాలో బీవర్ సీజన్ అక్టోబర్ ఆఖర్లో తెరిచి మే మధ్యదాకా ఉంచుతారు కాబట్టి చట్టప్రకారం పట్టొచ్చు అన్న రోజుకీ, తోలు తయారైన రోజుకీ మధ్య మూడు నెలలకి పైనే తేడా ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు సీజన్ తెరిచారంటే తోలు తయారైందనే అనుకుంటారు, అందులో వాళ్ల తప్పేం లేదు, రూల్ బుక్‌లో ఆ సంగతి ఎవరూ రాయరు.

మీ తోళ్లు ఏ దశలో ఉన్నాయో మీరే చూసుకోవచ్చు. కొవ్వు గీకేశాక తోలు లోపలివైపు వెలుతురులో పెట్టి చూడండి. ఫిబ్రవరి బీవర్ అయితే లోపల అంతా లేత మీగడ రంగులో ఉంటుంది. అక్టోబర్‌ది వీపు మధ్యన నీలం నలుపు కలిసిన రంగులో, కమిలిన దెబ్బలా కనిపిస్తుంది, పక్కలకి వచ్చేకొద్దీ ఆ రంగు పలచబడుతుంది. అది కుళ్లు కాదు, కంగారు పడకండి. వెంట్రుక ఇంకా పెరుగుతూ ఉన్నప్పుడు దానికి రంగునిచ్చే పదార్థం కుదుళ్లలో ఉంటుంది, అదే తోలు లోంచి మనకి నీలంగా కనిపిస్తుంది. వెంట్రుక ఎదగడం పూర్తయ్యాక రంగంతా వెంట్రుకలోకి వెళ్లిపోతుంది, తోలు తెల్లబడుతుంది. ఇంకో పరీక్ష, బొచ్చు ఆరాక వీపు మీద గట్టిగా నోటితో ఊదండి. కాపు వెంట్రుకలు విడిపోయిన చోట చర్మం కనిపిస్తే లోబొచ్చు ఇంకా పలచన. మంచి చలికాలపు తోలు మీద ఎంత ఊదినా చర్మం కనపడదు.

ఫర్ కొనే ఆయన ఆ మాట అన్నది ఇందుకే, మిమ్మల్ని మోసం చెయ్యడానికి కాదు. కోటు చేసేవాళ్లు బీవర్ తోలుని కాపు వెంట్రుకలు పీకేసి, లోబొచ్చుని సమంగా కత్తిరించి వాడతారు. లోబొచ్చు పలచగా ఉంటే కత్తిరించాక మచ్చలు మచ్చలుగా తేలుతుంది. కాబట్టి కోటు బజారులో మీ తోలుకి చోటు లేదు. ఇక్కడ చాలామంది ఆగిపోతారు, తోలు పారేస్తారు. నాకు బాధ కలిగేది అక్కడే. ఆ జంతువుని చంపాం, ఇక దాని ఒంట్లో పనికొచ్చేదేదీ పారెయ్యకూడదు.

టోపీల బజారు. బీవర్ తోలుకి మొదటినుంచీ పెద్ద గిరాకీ కోటు కోసం కాదు, టోపీ కోసం. లోబొచ్చు వెంట్రుక మీద కంటికి కనపడని పొలుసులు ఉంటాయి, వేడినీళ్లలో తడిపి నలిపితే అవి ఒకదాన్నొకటి పట్టుకుని గట్టి ఫెల్ట్ (నేత లేని మందపాటి గుడ్డ) అవుతుంది. 1670లో ఉత్తర అమెరికాలో ఫర్ వ్యాపారానికి ఇంగ్లిష్‌వాళ్లు పెట్టిన హడ్సన్స్ బే కంపెనీ పుట్టిందే యూరప్ టోపీలకి ఈ బొచ్చు చేరవెయ్యడానికి. ఆ కాలంలో అన్నిటికంటే గిరాకీ ఉన్నది కొత్త తోలుకి కాదు, అక్కడి ఆదివాసీలు బొచ్చు లోపలివైపు ఉండేలా ఒకటి రెండు చలికాలాలు ఒంటికి కప్పుకుని వాడేసిన తోలుకి. ఒంటి రాపిడికి, చెమటకి, కొవ్వుకి కాపు వెంట్రుకలన్నీ రాలిపోయి, టోపీ చేసేవాడికి కావలసిన లోబొచ్చు ఒక్కటే మిగిలేది. టోపీ వాళ్లకి తోలు అందంతో పని లేదు, అందులో ఎంత లోబొచ్చు దిగుతుందన్నదే వాళ్ల లెక్క. ఇప్పటికీ అంతే. స్టెట్సన్ లాంటి మంచి కౌబాయ్ టోపీల్లో బీవర్ బొచ్చు ఉంటుంది, ఆ గిరాకీయే ఈ మధ్య ఏళ్లలో బీవర్ ధరని నిలబెడుతోంది.

కాబట్టి నీలం తోలు, కోతపడిన తోలు, పిల్ల తోలు, కొరికిన గాట్లున్న తోలు, అన్నీ కలిపి ఆ లాట్‌లోకి వెళ్తాయి. రేటు తక్కువే. మీ అక్టోబర్ తోళ్లలో లోబొచ్చు పలచన కాబట్టి దిగుబడి కూడా తక్కువ, ఆ మేరకు ఇంకాస్త తగ్గిస్తారు. అసలు మంచి ఏడాదిలో మంచి తోలుకే పదుల డాలర్లు తప్ప వందల్లో రావని గుర్తుపెట్టుకోండి. కొనేవాడిని "ఇది ఏ గ్రేడ్?" అని కాకుండా "టోపీల లాట్‌కి తీసుకుంటారా, తోలుకి ఎంత?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో ఫోన్లో సంభాషణ మారిపోతుంది. ఊళ్లో కొనేవాళ్లు వద్దంటే వేలం దారి ఉంది. 2019 చివర్లో టొరంటోలోని నార్త్ అమెరికన్ ఫర్ ఆక్షన్స్ దివాలా దారి పట్టాక ఇటువైపు పెద్ద వేలం అంటే ఒంటారియోలోని నార్త్ బేలో ఉన్న ఫర్ హార్వెస్టర్స్. ఏజెంట్ల ద్వారా అక్కడికి పంపే ట్రాపర్లు ఉన్నారు. కానీ ఐదు తోళ్ల కోసం, అదీ అక్టోబర్‌వి, ఒక్కరే పంపితే ఖర్చులకే సరిపోతుంది. మీ జిల్లా ట్రాపర్ల సంఘంలో చేరి, వాళ్లు పంపే మూటలో కలపండి.

ఎలా తయారుచెయ్యాలి. ధర తక్కువ కదా అని పని నాసిగా చేస్తే ఆ తక్కువ కూడా రాదు. బీవర్‌ని నక్కలా గొట్టంగా ఒలవరు, పరిచి ఒలుస్తారు. కింది పెదవి నుంచి తోక దగ్గరిదాకా పొట్ట మీద ఒకే ఒక్క తిన్నని గీత, కాళ్లు బొచ్చు ఆగిపోయే చోట చుట్టూ కోసి లోపలికి లాగెయ్యాలి, కాళ్ల వెంబడి గీతలు పెట్టకూడదు. తోక మొదట్లో చుట్టూ ఒక కోత. ఒలిచేటప్పుడు కొవ్వు, కండ తోలుతో పాటు వచ్చేసినా పరవాలేదు, తరువాత దుంగ మీద వేసి రెండు పిడుల కత్తితో గీకొచ్చు. బీవర్ కొవ్వు మొండిది, కొత్తలో చేతులు పడిపోతాయి. అయినా ఒక్క పొర కూడా మిగల్చకండి, మిగిలిన కొవ్వు ఎండేకొద్దీ పసుపు రంగు నూనెగా మారి తోలుని కాల్చేస్తుంది, అలాంటి తోలు తరువాత పెళపెళా విరుగుతుంది. గీకాక బొచ్చుని చన్నీళ్లలో కడిగి బురద, రక్తం పోగొట్టి, దువ్వెనతో దువ్వి, కాస్త ఆరనివ్వండి.

తరువాత ప్లైవుడ్ పలక మీద, బొచ్చు పలకవైపు, తోలు మనవైపు వచ్చేలా పరిచి మేకులు కొట్టాలి. ముందు ముక్కు దగ్గర ఒకటి, తోక మొదట్లో ఒకటి, రెండు పక్కలా ఒక్కొక్కటి, తరువాత వాటి మధ్య అంగుళానికొకటి చొప్పున చుట్టూ. ఆకారం దాదాపు గుండ్రం, పొడవు కొంచెం ఎక్కువ. కాళ్ల కన్నాలు దగ్గరికి లాగి మేకు కొట్టెయ్యండి. అంతా అయ్యాక తోలుని మేకుల మీద కాస్త పైకి జరిపితే కింద గాలి ఆడి బొచ్చువైపు కూడా ఆరుతుంది. బీవర్ సైజు అంటే పొడవు, వెడల్పు కలిపిన అంగుళాలు, 65 దాటితే బ్లాంకెట్ అంటారు. అందుకే కొత్తవాళ్లు ఆ అంకె కోసం తోలుని సాగదీస్తారు. అక్టోబర్ తోలుతో ఆ పని అసలు వద్దు, ఉన్న పలచని బొచ్చు ఇంకా పలచబడుతుంది. తోలు ఎంతవరకు తనంతట తాను పరుచుకుంటుందో అంతే. పొయ్యి దగ్గరా, హీటర్ ముందూ పెట్టకుండా గాలి ఆడే చల్లని షెడ్డులో పెడితే కొన్ని రోజుల్లో అట్టలా గట్టిపడుతుంది.

ఉప్పు సంగతి తప్పకుండా చదవండి. మన ఊళ్లలో మేకతోలు, గొర్రెతోలు అంటే వెంటనే ఉప్పు రాస్తాం, అందుకని మనవాళ్ల చెయ్యి ముందు ఉప్పు మీదికే పోతుంది. ఫర్ కొనేవాళ్లకి, వేలానికి ఇచ్చే తోలుకి ఉప్పు రాయకూడదు, వాళ్లకి గాలికి ఆరినదే కావాలి. టానింగ్‌కి ఇచ్చే తోలుకి మాత్రమే ఉప్పు, అదీ అయొడిన్ లేనిది. ఏ తోలు ఎటు వెళ్తుందో నిర్ణయించుకున్నాకే ఉప్పు సంచి విప్పండి.

ఫ్రీజర్ గురించి ఇంకో మాట. వెంటనే పని చెయ్యడానికి వీల్లేకపోతే ఫ్రీజర్‌లో పెట్టడంలో తప్పు లేదు, అది ధర కోసం కాదు, తోలు పాడవకుండా. తోలువైపు లోపలికి మడిచి, బొచ్చు బయటికి వచ్చేలా చుట్టి, గాలి లేకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టండి. ఒకటి రెండు నెలలకి మించి ఉంచకండి, అంచులు ఎండిపోయి మళ్లీ నానవు. అక్టోబర్‌లో అసలు ప్రమాదం ఇంకోటి ఉంది. పగటిపూట ఇంకా వెచ్చగా ఉంటుంది, బీవర్ ఒంట్లో కొవ్వు దుప్పటిలా వేడిని పట్టి ఉంచుతుంది, చచ్చిన బీవర్ ఒక పూట అలా పడి ఉంటే పొట్ట దగ్గర చర్మం పచ్చబడి బొచ్చు ఊడొస్తుంది. నీళ్లలో ముంచే ట్రాప్‌లని చూసుకోవడానికి చట్టం ఎక్కువ గడువు ఇచ్చినా, ఈ నెలలో రోజూ వెళ్లి చూడాల్సిందే. మీ ఐదింటిలో పొట్ట బొచ్చు చేత్తో లాగితే వచ్చేసేది ఏదైనా ఉంటే దాని మీద సమయం పెట్టకండి, కాస్టర్ మాత్రం తీసుకోండి.

కాస్టర్. మీకు ఇది తెలిసి ఉండకపోవచ్చు కాబట్టి నిదానంగా చెప్తాను. మలద్వారం దగ్గర, పొట్టవైపు చర్మం కింద రెండు జతల గ్రంథులు ఉంటాయి. ఒక జత నున్నగా, లేతరంగులో ఉండే నూనె గ్రంథులు. రెండోది బూడిదరంగులో, ముడతలు ముడతలుగా, ఎండిన అంజీరపండు ఆకారంలో ఉండే జత, అవే కాస్టర్ సంచులు. ఇవి మగ, ఆడ రెండింటికీ ఉంటాయి. బీవర్ ఒడ్డున మట్టి కుప్పలు పోసి ఈ వాసన చల్లి హద్దు చెప్పుకుంటుంది. తోలు ఒలిచాక ఆ జతని వేళ్లతో చుట్టూ విడదీసి, రెండూ ఒకదానికొకటి అతుక్కునే ఉండేలా, సంచికి కత్తిమొన తగలకుండా బయటికి తియ్యండి. కన్నం పడితే లోపలి పదార్థం కారి బరువు తగ్గుతుంది, చేతులకి ఆ వాసన రోజులతరబడి పోదు. పైన అంటుకున్న కొవ్వు, కండ తీసేసి, ఎండ తగలని చోట తీగ మీద జతగా వేలాడదీయండి. వారాలు గడిచేకొద్దీ ముదురు గోధుమరంగులోకి వచ్చి గట్టిబడతాయి, నొక్కితే కొంచెం సాగుతూ ఉండాలి, రాయిలా అయ్యేదాకా ఎండబెట్టొద్దు.

ఇది అత్తర్ల పరిశ్రమకీ, ట్రాపర్లు వాడే ఎర వాసనలకీ వెళ్తుంది, బరువు లెక్కన కొంటారు. కాస్టర్‌కి సీజన్‌తో పెద్దగా పని లేదు. అక్టోబర్ బీవర్‌ది, ఫిబ్రవరి బీవర్‌ది దాదాపు ఒకే ధర. నా దగ్గర కొనేవాళ్లు ఈ మధ్య ఏళ్లలో ఇచ్చిన లెక్కలో ఒక పెద్ద బీవర్ కాస్టర్, నాసిరకం తోలు కంటే ఎక్కువే పలికింది. పైగా ఇది పాడవదు, ఈ ఏడాది రేటు నచ్చకపోతే వచ్చే ఏడాది అమ్ముకోవచ్చు. దాచిపెట్టి ఆగడం కలిసొచ్చేది దీనికే. నూనె గ్రంథుల్ని కూడా కొందరు ఎర తయారుచేసేవాళ్లు తీసుకుంటారు, వాటిని సీసాలో వేసి ఫ్రీజర్‌లో పెట్టండి.

టానింగ్ గురించి. మీకోసం అయితే అక్టోబర్ తోలు చక్కగా పనికొస్తుంది. నీలం రంగు లోపలివైపే కాబట్టి చేతి తొడుగుకి అస్తరు వేశాక ఎవరికీ కనపడదు, బొచ్చు కాస్త పొట్టిగా ఉన్నా మైనస్ 30లో చేతులు వెచ్చగానే ఉంటాయి, నేను ఇంట్లో అందరికీ కుట్టించిన తొడుగులన్నీ ఇలాంటి తోళ్లవే. పిల్లలవి రెండూ టోపీ చెవులకి, కాలర్‌కి, తొడుగు అంచులకి సరిపోతాయి. ఒకే సంగతి, బయట టానింగ్ చేసేవాళ్లు తీసుకునే డబ్బు పచ్చి తోలు ధర కంటే చాలాసార్లు ఎక్కువ ఉంటుంది. కాబట్టి వాడుకోవడానికైతే చేయించండి, అమ్ముకోవడానికైతే వద్దు. ఐదూ చేయించకండి, ముందు ఒకటి చేయించి చేతికి తీసుకుని చూడండి.

ఇంట్లోనే చేసుకోవాలని ఉంటే వరుస ఇదీ: గీకడం, ఉప్పు రాసి నీరు దిగాక దులిపి మళ్లీ ఉప్పు, ఆ తరువాత నిమ్మఉప్పు ద్రావణంలో నానబెట్టడం (పీహెచ్ 2 దగ్గర ఉండాలి), మధ్యలో తోలు ఉబ్బినచోట మళ్లీ గీకి పలచన చెయ్యడం, వంటసోడాతో ఆ పులుపు తగ్గించడం, బజారులో దొరికే టానింగ్ మందు, నూనె, చివరికి ఆరుతూ ఉండగా బల్ల అంచుకి రాస్తూ మెత్తబరచడం. బీవర్ తోలు మందం కాబట్టి ఆ పలచన చేసే పని దగ్గరే మంచీచెడూ తేలిపోతుంది. మన తెలుగు ఊళ్లలో తంగేడు చెక్కతో తోళ్లు పదును చేసేవాళ్లు కదా, ఆ పద్ధతి వాడొచ్చా అని ఇంతకుముందు ఒక తెలుగు మిత్రుడు అడిగాడు. చెట్టు చెక్క రసం బొచ్చు తీసేసిన తోలుకి బాగుంటుంది, బొచ్చుతోలుకైతే రంగు అంటుతుంది, చాలా రోజులు నానాలి, ఆలోపు బొచ్చు సడలే ప్రమాదం ఉంది. తోకకి మాత్రం ప్రయత్నించవచ్చు. బీవర్ తోక పొలుసుల తోలు పదును చేస్తే పర్సులకి, కత్తి ఒరలకి చాలా బాగుంటుంది, చాలామంది దాన్ని పారేస్తారు.

పచ్చి తోలో, ఆరబెట్టిన తోలో సూట్‌కేసులో పెట్టుకుని ఇండియాకి తీసుకెళ్దాం అనుకుంటే వద్దు. జంతు ఉత్పత్తులకి ముందస్తు అనుమతి కాగితాలు కావాలి, విమానాశ్రయంలో లేనిపోని టెన్షన్.

మాంసం మీరు అడగలేదు, అయినా చెప్తాను. ఒలిచేటప్పుడు రబ్బరు గ్లవ్స్ తప్పనిసరి. బీవర్, మస్క్‌రాట్లకి టులరీమియా అనే జబ్బు ఉండొచ్చు, చేతిమీద చిన్న గాటు ఉన్నా మనకి అంటుతుంది, ఫ్రీజర్‌లో పెట్టినంత మాత్రాన ఆ క్రిమి చావదు. ఒలిచిన కొన్ని రోజులకి జ్వరం, చంకలో గడ్డ లాంటివి వస్తే డాక్టరుకి బీవర్ ముట్టుకున్న సంగతి ముందుగా చెప్పండి. లివర్ మీద తెల్లటి చుక్కలు చుక్కలుగా కనపడితే ఆ జంతువుని తినకండి. ఆరోగ్యంగా ఉన్నదైతే మాంసం ముదురు ఎరుపు, రుచి బాగుంటుంది. కాస్టర్ తీసిన కత్తి, గ్లవ్స్ మార్చేసి, తెల్ల కొవ్వు మొత్తం తీసేసి, రాత్రంతా ఉప్పునీళ్లలో నానేసి, అల్లం వెల్లుల్లి, ధనియాల పొడి దట్టంగా పట్టించి కుక్కర్‌లో మెత్తగా ఉడికించండి. సగం ఉడికిన ముక్క తినొద్దు. మాకు తొడ మాంసం వేపుడు ఇష్టం. తినడం ఇష్టం లేకపోతే ముక్కలు చేసి ఫ్రీజర్‌లో పెట్టండి, ఫిషర్‌కి, మార్టెన్‌కి, బాబ్‌క్యాట్‌కి బీవర్ మాంసాన్ని మించిన ఎర లేదు. అవి పట్టే ట్రాపర్లు మీ దగ్గరకే వచ్చి తీసుకెళ్తారు, బదులుగా గీకడం నేర్పమని అడగండి. మీరే ఎర పెడితే మాత్రం పైనుంచి కనపడే ఎర దగ్గర ట్రాప్ పెట్టడం మీద నిబంధనలున్నాయి, ముందు చదువుకోండి.

ఇక వచ్చే ఏడాది మాట. మీకు నిజంగా కావలసింది తోలా, కల్వర్ట్‌లో నీళ్లు పారడమా అన్నది తేల్చుకోండి. బీవర్లు అక్టోబర్‌లోనే కల్వర్ట్ ఎందుకు మూస్తాయంటే, గడ్డకట్టేలోపు చెరువు లోతు పెంచుకోవాలి, చలికాలానికి పాప్లర్ కొమ్మలు గూటి పక్కన నీళ్లలో పోగేసుకోవాలి. పారే నీళ్ల చప్పుడు వినపడితే అక్కడ మట్టి పెట్టడం వాటి స్వభావం. ఐదింటిని తీసేసినా, చోటు బాగుంటే రెండేళ్ల వయసులో తల్లిదండ్రుల్ని వదిలి వసంతంలో బయల్దేరే బీవర్లు మళ్లీ వచ్చి చేరతాయి. కల్వర్ట్ నోటికి దూరంగా, వెడల్పుగా కంచె కట్టి, అవసరమైతే కట్టలోంచి ఒక పైపు వేసి, దాని నీళ్లు పీల్చే కొసని తీగవల పంజరంలో పెట్టి లోతులో ఉంచితే చప్పుడు ఉండదు, నీటిమట్టం మీరు కోరినంతే ఉంటుంది. ఆ పని వేసవిలో చేసుకోండి. పెద్ద నీటివనరు అయితే కట్ట ముట్టుకునే ముందు డీఎన్ఆర్‌ని (రాష్ట్ర సహజవనరుల శాఖని) అడగండి. సీజన్ లేనప్పుడు మీ ఆస్తికి నష్టం చేస్తున్న బీవర్‌ని తీసెయ్యాల్సి వస్తే, 24 గంటల్లోపు కన్జర్వేషన్ ఆఫీసర్‌కి తెలియజెయ్యాలన్న నిబంధన ఇక్కడ ఉంది, అది మర్చిపోవద్దు.

తోలు కూడా కావాలంటే జనవరి మధ్య నుంచి మార్చి దాకా చెరువు మీద గడ్డకట్టిన మంచు కింద పట్టండి. గూటి నుంచి తిండి పోగు దాకా బీవర్లు తిరిగే దారి మంచు మీద బుడగల గీతలా కనిపిస్తుంది, అక్కడ 330 ట్రాప్ (ఒంటిని బిగించి చంపే పెద్ద సైజు ట్రాప్), లేదా పచ్చి పాప్లర్ కొమ్మ కట్టిన కర్రకి ఉచ్చు. నడవడానికి స్వచ్ఛమైన మంచు కనీసం నాలుగు అంగుళాలు ఉండాలి. గూటి చుట్టూ, ఆ దారుల మీదా బీవర్లు తిరిగినందువల్ల మంచు పలచగా ఉంటుంది, చెరువు మధ్యలో అడుగున్నర మందం ఉన్నా అక్కడ కాలు పడిపోవచ్చు. మంచుగుచ్చే కర్రతో ప్రతి అడుగూ కొట్టి చూసుకుంటూ వెళ్లండి, ఒంటరిగా వెళ్లకండి. ఏప్రిల్ దాకా ఆగడం నాకు నచ్చదు. అప్పటికి కొత్త చోట్ల కోసం కొట్టుకుని వీపు మీద కొరికిన గాట్లుంటాయి, బొచ్చు రాపిడికి అరుగుతుంది, పైగా ఆడవి కడుపుతో ఉండి మే, జూన్‌లలో ఈనుతాయి. ఒక గూటిలో పెద్ద జంట, పోయిన ఏటివి, ఈ ఏటివి కలిపి అరడజను దాకా ఉండొచ్చు, అన్నిటినీ తీసెయ్యకుండా రెండు మూడు పెద్దవాటితో ఆపితే ఆ చెరువు ఏటా మీకు తోలు ఇస్తుంది. 1821లో పోటీ సంస్థ నార్త్ వెస్ట్ కంపెనీతో కలిసిపోయాక హడ్సన్స్ బే వాళ్లకీ ఇదే సమస్య వచ్చింది, బీవర్లు తగ్గిపోయిన ప్రాంతాల్లో కంపెనీ గవర్నర్ జార్జ్ సింప్సన్ వేసవి తోళ్లు కొనొద్దనీ, ఇన్నే తీసుకోవాలనీ ఆంక్షలు పెట్టాడు. వ్యాపారం కోసమే చేశాడు, కానీ లెక్క సరైనదే.

మీ ఐదింటికి ఈ వారం చెయ్యాల్సింది కాస్టర్లు తీసి వేలాడదీయడం, పెద్దవి రెండూ గీకి చూడటం. రెంటిలో వీపు నీలం తక్కువగా ఉన్నదాన్ని ఉప్పు రాసి టానింగ్‌కి పక్కన పెట్టండి, రెండోదీ మధ్యరకందీ పలకకి కొట్టండి. పిల్లలవి ఓపిక ఉంటే ఫ్రీజర్‌లో ఉంచి తరువాత చెయ్యండి. గీకిన తోలు లోపలివైపు పగటి వెలుతురులో ఫోటో తీసి, పక్కన టేపు పెట్టి ఇక్కడ పెడితే ఏది ఏ లాట్‌కి వెళ్తుందో చూసి చెప్తాను.